ఎనుమమ్మ యాడికి పోయింది?

సందేహం: తాడిపత్రి దగ్గర పల్లెబడిలో చిన్న తరగతులకు పాఠాలు చెబుతాను. పిల్లల కోసం ఈ పాట కట్టినాను.

యాడికి పోతివి ఎనుమమ్మా?
చెరువుకు పోతిని చిన్నమ్మా!
ఏమేం తింటివి ఎనుమమ్మా?
చెప్పను పోవే చిన్నమ్మా!

ఒక పిల్లల పత్రికకు పంపితే ‘యాడికి’, ‘ఎనుము’ తప్పు మాటలని, మొదటి పాదాన్ని ‘ఎక్కడికి వెళ్ళావు గేదెమ్మా’ అని దిద్దినారు. దిద్దినాక పిల్లల నోట పాట సాగడం లేదు. తప్పు నాదేనా?

సమాధానం: మీది కాదు. పక్కింటి ఆరేళ్ళ పాపను మా అరుగు మీద కూర్చోబెట్టుకొని రెండు పాదాలూ చెప్పి, చప్పట్లు కొట్టమన్నాను. మీ పాదానికి గడగడా కొట్టేసింది. దిద్దిన పాదంలో ‘ఎక్కడి’ దాకా వచ్చి, ‘కి’ దగ్గర చేతులు గాల్లోనే ఆపి నా ముఖం చూసింది.

లెక్క వేస్తే కారణం తెలుస్తుంది. మాత్ర అంటే అక్షరం పలకడానికి పట్టే కాలానికి కొలత. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. ఒత్తుకు ముందున్న అక్షరానికీ, సున్న ఉన్న అక్షరానికీ రెండే. ‘యాడికి’ నాలుగు, ‘పోతివి’ నాలుగు, ‘ఎనుమమ్’ నాలుగు, చివర ‘మా’ రెండు. నాలుగు పాదాలకూ ఇదే నడక, తకధిమి తకధిమి. ‘ఎక్కడికి’లో ఐదు, ‘వెళ్ళావు’లో ఐదు, ‘గేదెమ్’లో మళ్ళీ నాలుగు. ఐదులో పోతున్న బండి ఉన్నట్టుండి నాలుగులోకి దిగితే పిల్లలేం చేస్తారు పాపం! ‘చెమ్మచెక్క చారడేసి మొగ్గ’ను లెక్కించి చూడండి, మూడేసి మాత్రలు ఎక్కడా తప్పవు. ‘చారడేసి’ అంటే ఏమిటని అడిగిన పిల్లను నేనింతవరకు చూడలేదు.

అలాగని గేదె మీద కోపం అక్కర్లేదు. దిద్దినవారి వైపు పిల్లలకు అదే ఇంటిమాట. ‘ఎక్కడికెళ్ళావ్ గేదెమ్మా’ అని నోటితో అన్నట్టే రాసి ఉంటే ‘ఎక్కడి’, ‘కెళ్ళావ్’ రెండూ నాలుగేసి మాత్రలకు వచ్చేవి. దిద్దినవారు తమ ఇంట్లో అనే మాటను కూడా కాగితం మీద సాగదీశారు, అదే చిక్కు.

ఇక తప్పుమాటల సంగతి. ఎనుము అచ్చమైన పాత తెలుగు. కన్నడంలో ఎమ్మె, తమిళంలో ఎరుమై దీని చుట్టాలే. దున్నపోతుకు ఎనుబోతు అనే పేరు దీని నుంచే వచ్చింది. ‘యాడ’కు పాత రూపం ‘ఏడ’. వేపచెట్టు మన దగ్గర యాపచెట్టు అయినట్టే ఇదీ మారింది. 15వ శతాబ్దిలో కడప సీమ తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య ‘ఏడ సుజ్ఞానమేడ తెలివి నాకు’ అని పాడుకున్నాడు. ‘పోతివి’ అయితే వ్యాకరణం పుస్తకాల్లోనే ఉంది.

మీకు తెలిసి చేశారో లేదో, మూడు పాదాల్లో యతి కూడా పడింది, అంటే పాదం మొదటి అక్షరంతో నడుమ ఒక అక్షరం జత కలిసింది: చె–చి, ఏ–ఎ, మళ్ళీ చె–చి. మొదటి పాదంలో ‘ఏడికి’ అంటే అక్కడా పడుతుంది. ఆశ పుట్టినా మార్చకండి. గేయానికి యతి తప్పనిసరి కాదు, మీ బడిలో ‘ఏడికి’ అనే పిల్లలూ ఉండరు.

పత్రికవారు మరీ పట్టుబడితే పాట కింద ‘ఎనుము: గేదె, బర్రె’ అని ఒక్క ముక్క వేయమనండి. ‘యాడికి’ని మాత్రం వదలొద్దు. తాడిపత్రి పక్కనే ఆ పేరుతో ఊరు పెట్టుకొని ‘ఎక్కడికి’ అని రాయడం ఏం న్యాయం? మీ బస్టాండులో రోజూ వినపడే మాటనే నేనిలా కట్టాను. తాళం తప్పిందేమో మీ పిల్లలతో చప్పట్లు కొట్టించి నాకు రాయండి:

యాడికి తాతా పోతాండావ్?
యాడికికేరా పోతాండా!