మడమ ముందు ఆనుతోందా? షూ మార్చే ముందు ఇది చూడండి

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 23. కానిస్టేబుల్ ఈవెంట్స్ (పరుగు లాంటి దేహదారుఢ్య పరీక్షలు) కోసం నెల నుంచి రోజూ పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పరుగెత్తుతున్నాను. పది రోజులుగా మోకాలి కింద, ముందు ఎముక వెంట నొప్పి. పరుగులో నాకు మడమే ముందు ఆనుతోందని, బాగా మెత్తటి షూ కొనమని ఫ్రెండ్స్ అంటున్నారు. మునివేళ్ల వైపు ఆనేలా పరుగు మార్చుకోవాలా?

జవాబు: మార్చుకోవద్దు. షూ వేసుకుని పరుగెత్తేవాళ్లలో ఎక్కువ మందికి మడమే ముందు ఆనుతుంది, అది తప్పేం కాదు. ముందుపాదం మీద పరుగెత్తితే మోకాలికి భారం తగ్గే మాట నిజమే కానీ, అది పిక్కల మీద, మడమ వెనకాల టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే గట్టి పట్టీ) మీద పడుతుంది. ఈవెంట్స్ పెట్టుకుని ఆ ప్రయోగం ఎందుకు?

అసలు మడమే ఆనుతోందో లేదో ఫోన్‌లో పక్క నుంచి స్లో మోషన్ వీడియో తీయించి చూడండి. పాత షూ మడమ బయటి అంచు అరిగిందని నమ్మకండి, నడిచినా అక్కడే అరుగుతుంది.

మడమ ఆనేవాళ్లకు ముందు భాగం కంటే మడమ దగ్గర 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఎత్తున్న షూ సాధారణంగా హాయిగా ఉంటుంది. ఈ తేడానే డ్రాప్ అంటారు. 4 లోపు డ్రాప్ ఉన్నవి పిక్కలకు పని పెంచుతాయి. ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదనడానికి గట్టి ఆధారాల్లేవు. మరీ మెత్తనైతే కొందరికి చీలమండ అటూ ఇటూ ఊగుతుంది. సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు షాపుకెళ్లండి. సాక్స్‌తో వేసుకుని నాలుగడుగులు పరుగెత్తి, ఏది హాయిగా ఉంటే అది తీసుకోండి. ధర చూసి మోసపోకండి.

మీ నొప్పికి మాత్రం షూ కంటే దూరం మీదే నాకు అనుమానం. నోటిఫికేషన్ మాట వినపడగానే ఒకేసారి నాలుగైదు కిలోమీటర్లు మొదలుపెట్టడం మన దగ్గర మామూలే. మీ పరీక్ష 1600 మీటర్లే కదా! వారం పది రోజులు పరుగు ఆపి సైకిల్ తొక్కండి. తగ్గాక సగం దూరంతో మొదలుపెట్టి, వారం వారం కొద్దికొద్దిగా పెంచండి. అడుగులు కాస్త చిన్నవిగా, త్వరత్వరగా వేయండి.

ఎముక మీద వేలితో నొక్కుతూ రండి. జానెడు మేర సలుపుతుంటే విశ్రాంతితో తగ్గే రకం కావచ్చు. ఒక్క చోటే వేలు పెట్టనివ్వకపోయినా, రాత్రి పడుకున్నా నొప్పి ఉన్నా ఆర్థో డాక్టర్‌కు చూపించండి. ఎముకలో సన్నని చీలిక ఉన్నా మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. రిపోర్ట్ నార్మల్ వచ్చిందని గ్రౌండ్‌కు వెళ్లిపోకండి, అవసరమైతే ఎంఆర్‌ఐ రాస్తారు.