ముఖాముఖిలో ఎదురు ప్రశ్న

సందేహం: మాది కోనసీమలో ఒక ఉన్నత పాఠశాల. మా తొమ్మిదో తరగతి పిల్లలు అమలాపురం వెళ్లి ఒక కథారచయిత్రిని కలిసి, ఆమె పుస్తకాల గురించీ, రాసే అలవాటు గురించీ అడిగి వచ్చారు. దానిని గోడపత్రికలో ‘రచయిత్రితో ముఖాముఖీ’ అన్న శీర్షికతో పెట్టి, కింద ‘ఇంటర్వ్యూ తీసుకున్నవారు’ అంటూ తమ పేర్లు రాసుకున్నారు. ముఖాముఖి అంటే కయ్యమని తోటి ఉపాధ్యాయులొకరు అభ్యంతరం చెప్పారు. ఏది సరి?

సమాధానం: వారి అభ్యంతరం ఊరికే పుట్టింది కాదు. కేశాకేశి, దండాదండి, ముష్టీముష్టి అనే మాటల కుదురులోదే ముఖాముఖి కూడాను. ఒకరి జుట్టు ఒకరు పట్టుకొని సాగించే పోరు కేశాకేశి, అంటే మన సిగపట్లే. కర్రలతో ఒకరినొకరు కొట్టుకొంటే దండాదండి. సంస్కృత వ్యాకరణకర్త పాణిని ‘తత్ర తేనేదమితి సరూపే’ (2.2.27) అన్న సూత్రంతో ఈ సమాసాన్ని విధించి, ‘ఇచ్ కర్మవ్యతిహారే’ (5.4.127) అన్న సూత్రంతో చివరి ఇకారాన్ని చేర్చాడు. వ్యాఖ్యాతలు దీనికి చూపే ఉదాహరణలన్నీ కొట్లాటలే కావడంతో, ఎన్నికల వార్తల్లో ‘ముఖాముఖి పోరు’ అని చదివినప్పుడు మనకు ఎబ్బెట్టుగా తోచదు.

అయితే సూత్రంలోని కీలకం కొట్లాట కాదు, వ్యతిహారం. ఇటువారు చేసిన పనినే అటువారూ చేయడం అని దాని అర్థం. ముఖానికి ముఖం ఎదురైనంతలో తగవు కానక్కరలేదు కనుక, తెలుగులో ఈ మాట ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి చక్కగా ఒదిగింది. సంస్కృతంలో అవ్యయమైన దీనిని మనం ‘ముఖాముఖిలో’, ‘ముఖాముఖికి’ అంటూ నామవాచకంగానూ వాడుకుంటున్నాము. వాడుక స్థిరపడిన తరువాత దీనిని తప్పుపట్టడం నాకు సమ్మతం కాదు.

మీరు జతచేసిన ప్రతిని చదివాను. పిల్లలు చీటీలమీద రాసుకున్న ప్రశ్నలను ఒకరి తరువాత ఒకరు చదువుతున్నారు. ‘మీ కథల్లో ఎప్పుడూ లంక ఊళ్లే ఎందుకు వస్తాయండీ?’ అని ఒక అమ్మాయి అడిగితే, రచయిత్రి జవాబు చెప్పకుండా, ‘మొన్న గోదారి పొంగినప్పుడు మీ ఇంట్లో ముందుగా ఏం మూటగట్టారమ్మా?’ అని ఎదురు ప్రశ్న వేశారు. ఆ పిల్ల ‘విత్తనాల సంచీ అండి’ అన్నది. ‘అదిగో, నేను రాసేది ఆ సంచీ గురించే’ అన్నారామె. అక్కడినుంచి చీటీలు పక్కకు పోయాయి. అడిగేవారెవరో చెప్పేవారెవరో తెలియనంతగా మాట కలిసింది. వ్యతిహారానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు వ్యాకరణ గ్రంథాలలో కనబడలేదు. ఒకరు అడగడం, మరొకరు చెప్పడం వరకే జరిగితే ఇంటర్వ్యూ అన్న మాట చాలు. అది తెలుగైపోయి చాలాకాలమైంది. పిల్లలు తెచ్చినది మాత్రం ముఖాముఖే.

దిద్దవలసినవి లేకపోలేదు. ఇచ్ ప్రత్యయంలోనిది హ్రస్వం. పత్రికలలో తరచు కనిపించే ‘ముఖాముఖీ’కి వ్యాకరణంలో ఆధారం లేదు. శీర్షికలో గుడిదీర్ఘం తీసి గుడి పెట్టించండి. ‘ఇంటర్వ్యూ తీసుకోవడం’ హిందీ పలుకుబడి. తెలుగులో ఇంటర్వ్యూ చేస్తాము, ఎదుటివారు ఇస్తారు. ఇక్కడ అదీ అక్కరలేదు, ‘మాట్లాడినవారు’ అంటే సరిపోతుంది.

మీరు అడగలేదు కానీ రచయిత్రి విషయం కూడా చెబుతాను. రచయితృ శబ్దానికి స్త్రీలింగ రూపం కనుక అది నిర్దుష్టమే. అయినా శ్రోత, వక్త, నేత అన్న మాటలను ఇద్దరికీ వాడుతూనే ఉన్నాము. సభకు వచ్చిన స్త్రీని ‘శ్రోత్రి’ అన్నవారిని నేను చూడలేదు. తమను రచయిత అనడమే ఇష్టమనే స్త్రీలు ఇప్పుడు ఎందరో ఉన్నారు. ఆమెకు ఏది ఇష్టమో, గోడపత్రిక ప్రతి ఇవ్వడానికి వెళ్లినప్పుడు పిల్లలచేతనే అడిగించండి.