జపనీస్ 'ని', 'దె': రెండూ మన 'లో' అయితే ఏది ఎక్కడ?

జపనీస్ నేర్చుకునే పుస్తకంలో, పదాల చివర చేర్చే 'ని'కీ 'లో' అనే రాశారు, 'దె'కీ 'లో' అనే రాశారు, ఏది ఎప్పుడు వాడాలి అని ఒకరు అడిగారు. టోక్యో వచ్చిన మొదటి ఏడాది నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆఫీసులో పరిచయాలప్పుడు, టోక్యోలో పనిచేస్తున్నానని చెప్పబోయి 'టోక్యో ని హతరైతె ఇమస్' అన్నాను. పక్క సీట్లో ఉండే పెద్దావిడ 'టోక్యో దె' అని మెల్లగా సరిచేశారు. ఊరి పేరు తర్వాత 'దె' వస్తుంది కాబోలు అనుకున్నాను. వారం తిరక్కుండానే, టోక్యోలోని నిషి కసాయిలో ఉంటున్నానని చెప్పడానికి 'నిషి కసాయి దె సుందె ఇమస్' అన్నాను. అదీ తప్పే, అక్కడ 'ని' రావాలట.

అంటే చూడాల్సింది ఊరిని కాదు, చివర వచ్చే క్రియని. ఒక చోట ఉండటం, నివసించడం అయితే 'ని'. ఆ చోట ఏదైనా పని జరుగుతుంటే 'దె'. తోటలో చెట్టుంది అంటే 'నివ ని కి గ అరిమస్'. తోటలో ఆడుకుంటున్నారు అంటే 'నివ దె అసొందె ఇమస్'.

మన తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది ఇంకోచోట. మీటింగ్ రూమ్ మూడో అంతస్తులో ఉంది అంటే 'కైగిషిత్సు వ సంగై ని అరిమస్'. మీటింగ్ మూడో అంతస్తులో ఉంది అంటే మాత్రం 'కైగి వ సంగై దె అరిమస్'. రెండింటిలోనూ అదే 'అరిమస్', మనకూ అదే 'ఉంది'. ఇలాంటప్పుడు 'ఉంది' తీసేసి 'జరుగుతుంది' పెట్టి చూడండి. మీటింగ్ జరుగుతుంది, గది జరగదు. అతికితే 'దె'. నాకు ఏ వ్యాకరణ సూత్రం కన్నా ఇదే ఎక్కువ పనికొచ్చింది. దీనికి లొంగనివీ ఉన్నాయి: కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాను అనడానికి 'త్సుతొమెరు' వాడితే 'కైష ని త్సుతొమెతె ఇమస్' అనాలి. దాన్ని అలాగే గుర్తుపెట్టుకోవాలి.

'దె'కి మన 'తో' అర్థం కూడా ఉంది. 'పెన్ దె కకిమస్' అంటే పెన్నుతో రాస్తాను. బస్సులో వెళ్తాను అన్నా 'బసు దె ఇకిమస్' అనే అంటారు.

ఇక 'ని' చాలాచోట్ల అచ్చంగా మన 'కి'. ఏడింటికి అంటే 'షిచిజి ని'. బడికి అంటే 'గక్కో ని'. 'రేపు వస్తాను' అన్నప్పుడు మనం 'కి' పెట్టం కదా, వాళ్లూ 'అషిత' తర్వాత 'ని' పెట్టరు. నాకు బాగా నచ్చింది 'తబె ని ఇకిమస్', అంటే తినడానికి వెళ్తాను. 'తినడానికి'లో చివర మన 'కి' ఎక్కడుందో అక్కడే వాళ్ల 'ని' ఉంది. ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటే ఈ పోలిక కనబడదు. అందుకే నోట్స్ తెలుగులో రాసుకోండి.

కాకపోతే 'కి'ని నమ్ముకుని దెబ్బతినే చోట్లు మూడు ఉన్నాయి. ఫ్రెండ్‌ని కలిశాను అంటాం, వాళ్లు 'తొమొదచి ని ఐమషిత' అంటారు. రైలెక్కాను అంటాం, వాళ్లకి 'దెన్ష ని నొరిమషిత'. మూడోది 'మొరౌ', అంటే పుచ్చుకోవడం. 'తొమొదచి ని మొరైమషిత' అంటే ఫ్రెండ్‌కి ఇచ్చానని కాదు, ఫ్రెండ్ దగ్గర తీసుకున్నానని. ఇక్కడ 'ని' బదులు 'కర' (మన 'నుంచి') అన్నా తప్పు కాదు. కొత్తలో నేను 'కర' అనేవాణ్ణి, ఎవరు ఎవరికిచ్చారన్న టెన్షన్ ఉండేది కాదు.