అరకు వెళ్తే కాసేపు కారు దిగండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా అరకు గురించే, చలి మొదలైతే అంతే కదా. వాటిల్లో బయట ఏం తిరగొచ్చు, ఎక్కడ నడవొచ్చు, ఏ కొండెక్కొచ్చు అని అడిగినవి ఏరి జవాబులు రాస్తున్నా. రూమ్ రేట్లు అడిగినవాళ్ళు ఏమనుకోకండి, అవి శనివారానికో రకం మంగళవారానికో రకం, ఇక్కడ రాసి లాభం లేదు.

ప్ర: వైజాగ్ నుంచి ఒక్కరోజులో అరకు మొత్తం చూపించి రాత్రికి దింపేస్తాం అంటున్నారు క్యాబ్ వాళ్ళు. లిస్టులో ఎనిమిది పాయింట్లు ఉన్నాయి. ఇద్దరు చిన్నపిల్లలతో వెళ్తున్నాం, సరిపోతుందా? – ఆర్., హైదరాబాద్

జ: సరిపోతుందండీ, రోజూ ఎంతోమంది అలానే వెళ్ళి వస్తున్నారు. కానీ వైజాగ్ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు, ఎస్.కోట దాటాక అంతా ఘాట్ రోడ్డే, పోను మూడు గంటలు పైన, రాను అంతే, అంటే మీ పిల్లలు చూసేది అరకు కాదు, ముందు సీటు వెనకభాగం, మధ్యలో రెండు వాంతులు. ఆ ఎనిమిది పాయింట్లలో సగం చోట్ల దిగి, ఫోటో దిగి, మొక్కజొన్న పొత్తు కొనుక్కుని మళ్ళీ ఎక్కడమే.

రెండు రాత్రులు ఉండేలా చూస్కోండి. వెళ్ళేటప్పుడు ట్రైన్‌లో వెళ్ళండి, పొద్దున్నే వైజాగ్‌లో బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్ ఉంటుంది, దానికి అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ బోగీ 2017 నుంచి తగిలిస్తున్నారు, టికెట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి డేట్ అనుకోగానే బుక్ చేస్కోండి, దొరక్కపోతే మామూలు బోగీలో కిటికీ పక్కన కూర్చున్నా పిల్లలకి వచ్చే ఆనందం ఏం తగ్గదు. అరకు చేరేలోపు బోలెడు సొరంగాలు దాటతారు, ప్రతిదాంట్లోనూ బోగీ మొత్తం అరుస్తుంది, చెవులు సిద్ధం చేస్కోండి. ఈ లైను టూరిస్టుల కోసం వేసింది కాదు, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకి దింపి జపాన్ పంపడానికి 1960ల్లో వేశారు, అందుకే ఇప్పటికీ ఖనిజం మోసే గూడ్సులు వస్తూపోతూ ఉంటాయి, మీ ట్రైన్ ఏదో చిన్న స్టేషన్లో అరగంట ఆగిపోతే విసుక్కోకండి. దార్లో శిమిలిగుడ వస్తుంది, 996 మీటర్ల ఎత్తు, ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్ అని దానికి పేరు.

మొదటిరోజు మధ్యాహ్నం పద్మాపురం గార్డెన్స్ చాలు, పిల్లలకి టాయ్ ట్రైన్ ఉంది. రెండోరోజు చీకటితో లేచి మాడగడ వ్యూపాయింట్, అరకుకి దగ్గరే, మేఘాలు పడితే అదృష్టం, పడకపోయినా సూర్యోదయం ఎక్కడికీ పోదు. టిఫిన్ చేసి డుంబ్రిగుడ వైపు చాపరాయి, పెద్ద బండరాయి మీద నీళ్ళు పల్చగా జారుతుంటాయి, చలికాలంలో నీళ్ళు తక్కువ ఉన్నప్పుడు పిల్లలు అక్కణ్ణుంచి కదలరు, ఇంకో డ్రెస్సు పట్టుకెళ్ళండి. మూడోరోజు కారు మాట్లాడుకుని రోడ్డు మీద దిగుతూ సుంకరమెట్ట కాఫీ తోట, గాలికొండ, బొర్రా చూస్కుంటూ వైజాగ్ వెళ్ళిపోవచ్చు. సాయంత్రాలు మాత్రం ఏ ప్రోగ్రామూ పెట్టుకోకుండా ఏదో ఒక ఊరి రోడ్డు పట్టుకుని నడవండి, అరకు అసలు బాగుండేది అప్పుడే.

ప్ర: అమ్మకి 68, మోకాళ్ళ నొప్పులు. బొర్రా గుహలు, కటికి జలపాతం రెండూ చూడాలని పట్టుబడుతోంది. – లక్ష్మి, ఏలూరు

జ: బొర్రాలో మెట్లు చాలా ఉన్నాయండీ, దిగడం తేలికే, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. పైగా లోపల ఉక్కగా ఉంటుంది, కొన్నిచోట్ల తడి. అయితే మొత్తం తిరగక్కర్లేదు, ముఖద్వారం నుంచి కాస్త దిగి మొదటి పెద్ద హాలు దగ్గర నిలబడితే చాలు, అంత పెద్ద కప్పు, దాన్నుంచి వేలాడే రాళ్ళు అక్కణ్ణుంచే కనిపిస్తాయి. సున్నపురాయిని నీళ్ళు కరిగించుకుంటూ పోయి, చుక్కచుక్కగా మళ్ళీ పేర్చుకుంటూ వచ్చిన రాళ్ళు అవి, ఆ పని చేసిన గోస్తనీ నదే కిందకి వెళ్ళి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది, అమ్మగారికి చెప్పండి, సంతోషిస్తారు. పొద్దున తెరిచిన వెంటనే వెళ్తే రద్దీ ఉండదు, మధ్యమధ్యలో ఆగి కూర్చున్నా ఎవరూ తొయ్యరు.

కటికి మాత్రం వద్దనే చెప్తా. బొర్రా దగ్గర జీపులు మాట్లాడుకుని వెళ్ళాలి, ఆ రాళ్ళదారిలో జీపు ఎగిరే ఎగురుడికి నాలాంటివాడికే నడుం పట్టేస్తుంది, ఆపైన కాస్త నడక కూడా. మీరు వెళ్ళి రండి, అమ్మగార్ని పైన బొంగు చికెన్ కొట్టు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టండి (శాకాహారం అయితే టీ కొట్టు).

ప్ర: మేం ఆరుగురు ఫ్రెండ్స్. రీల్స్‌లో చూసిన మేఘాల సముద్రం కావాలి, టెంట్, క్యాంప్‌ఫైర్, ట్రెక్. శుక్రవారం ఆఫీసు అయ్యాక రాత్రికి గుంటూరు నుంచి బయల్దేరి తెల్లారేసరికి వంజంగి ఎక్కేద్దామని ప్లాన్. – కె., గుంటూరు

జ: తమ్ముళ్ళూ, ప్లాన్‌లో మొదటి సగం తీసేయండి. వారమంతా పనిచేసి, రాత్రంతా బండి నడిపి, తెల్లవారుజామున మంచులో పాడేరు ఘాట్ ఎక్కడం, ఆ మలుపుల్లో పది అడుగుల అవతల ఏముందో కనపడదు. శుక్రవారం రాత్రి ట్రైన్లో వైజాగ్ వచ్చేయండి, శనివారం పగలు నిదానంగా పాడేరు చేరి అక్కడ పడుకోండి, ఆదివారం నాలుగింటికి లేవండి. వంజంగి పాడేరుకి దగ్గరే, కింద బళ్ళు ఆపేసి అక్కణ్ణుంచి నడక, ఎవరైనా ఎక్కగలరు, కానీ చీకట్లో రాళ్ళు, మట్టి, కాబట్టి చెప్పులతో కాదు బూట్లతో, ఫోన్ లైటు కాకుండా ఒక టార్చి పట్టుకుని.

ఇక మేఘాల సంగతి. రీల్ చూసి వెళ్ళి ఏం కనపడలేదని తిట్టుకుంటూ వచ్చేవాళ్ళు చాలామంది, అందుకే కాస్త వివరంగా చెప్తా. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల త్వరగా చల్లబడుతుంది, చల్లబడ్డ గాలి బరువెక్కి కొండల మీంచి లోయలోకి దిగుతుంది, అక్కడున్న తేమ మంచుగా మారి లోయ అడుగున పరుచుకుంటుంది, మీరు దానికన్నా పైన ఉన్నారు కాబట్టి సముద్రంలా కనిపిస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి అది పైకి లేచి విడిపోతుంది. అందువల్ల ముందురోజు రాత్రి నక్షత్రాలు బాగా కనిపించి, గాలి లేకుండా, ఒళ్ళు వణికే చలి ఉంటే మర్నాడు మంచి ఛాన్సు ఉన్నట్టే, మబ్బు పట్టి గాలి వీస్తుంటే ఆశ తక్కువ పెట్టుకోండి. అక్టోబర్ చివర్నుంచి జనవరి వరకు బాగుంటుంది. ఎనిమిదింటికి తాపీగా ఎక్కితే మిగిలేది కొండ, కింద పార్క్ చేసిన కార్లు.

టెంట్లు అరకు, పాడేరు, లంబసింగి అన్నిచోట్లా అద్దెకి దొరుకుతున్నాయి. స్వెట్టర్ ఒకటి చాలదు, టోపీ, సాక్సులు కూడా. నేల మీద పరిచేది మందంగా ఉందో లేదో ముందే అడగండి, చలి పైనుంచి కన్నా కిందనుంచే ఎక్కువ కొడుతుంది. మంట వాళ్ళు వేసిన చోటే వేయండి, అడవిలో మీ అంతట మీరు పుల్లలు ఏరి వెలిగించొద్దు. స్పీకర్ బాక్సు ఇంట్లో వదిలేయండి, కింద ఊళ్ళో తెల్లారితే పొలానికి పోయేవాళ్ళు పడుకుని ఉంటారు. ప్లాస్టిక్ సీసాలు మీవి మీరే దింపండి, ఇది ఎన్నిసార్లు రాసినా కొండ మీద సీసాలు తగ్గట్లేదు.

ఇంకా గట్టి ట్రెక్ కావాలంటే పాడేరు వైపే అర్మకొండ ఉంది, దాదాపు 1680 మీటర్లు, తూర్పు కనుమల్లో బాగా ఎత్తైన కొండల్లో ఒకటి. అక్కడికి మాత్రం దగ్గర ఊళ్ళోవాళ్ళని తోడు తీసుకోకుండా పోవద్దు, దారి బోర్డులు లేవు, సిగ్నల్ నమ్ముకోలేం.

ప్ర: జూలైలో సెలవులు. వానల్లో అరకు వెళ్ళొచ్చా? – పి., నల్గొండ

జ: వెళ్ళండి, నన్నడిగితే పచ్చదనానికి అదే టైము, జనం కూడా ఉండరు. కానీ నీళ్ళలో దిగే సరదా వదులుకోవాలి. పైన కొండల్లో ఎక్కడో పడ్డ వాన మీరున్న చోట ఎండగా ఉన్నప్పుడే వచ్చి పడుతుంది, చాపరాయి మీద పాచికి తోడు ఆ ఉధృతి కలిస్తే నిలబడలేరు. ఘాట్‌లో అప్పుడప్పుడు కొండచరియలు జారి రోడ్లు, ట్రైన్లు ఆగుతాయి, కాబట్టి తిరుగు ప్రయాణానికి ఒకరోజు అదనంగా ఉంచుకోండి. అక్కడ ఏజెన్సీలో మలేరియా ఎప్పట్నుంచో ఉన్న సమస్య, సాయంత్రం నుంచి ఫుల్ హ్యాండ్స్ వేస్కుని దోమల క్రీము రాసుకోండి, వచ్చాక జ్వరం తగిలితే ఫలానా చోటికి వెళ్ళొచ్చాం అని డాక్టర్‌కి చెప్పి రక్తపరీక్ష చేయించండి.

ప్ర: న్యూజెర్సీ నుంచి డిసెంబర్ చివర్లో వస్తున్నాం. పసుపు పూల తోటలు, కాఫీ తోటలో వాకింగ్, ధింసా డాన్స్ చూడాలని పిల్లలకి ఉంది. ఫోటోలు తీస్తే ఏమైనా అంటారా? – ఎస్.

జ: ఆ పసుపు పూలు వలిసెలు, తోట కాదు పంట, నూనెగింజలు. నవంబర్‌లో, డిసెంబర్ మొదట్లో నిండుగా ఉంటాయి, మీరొచ్చేసరికి చాలా చేలు కోసేసి ఉంటారు, ఎక్కడైనా మిగిలితే గట్టు మీదే నడవండి. రైతు పది, ఇరవై అడిగితే ఇచ్చేయండి, బేరం ఆడకండి, మన రీల్స్ కోసం తొక్కినచోట గింజ రాదు.

కాఫీకి మాత్రం మంచి టైములో వస్తున్నారు, పళ్ళు ఎర్రగా పండి కోస్తూ ఉంటారు. సుంకరమెట్ట దగ్గర తోటలోంచి చెక్కవంతెన వేశారు, జనం ఉంటారు, అయినా వెళ్ళండి, ఆ వంతెన అయ్యాక అనంతగిరి వైపు ఏదైనా తోటవాళ్ళని అడిగి లోపల ఒక గంట నడిస్తే అసలు సంగతి తెలుస్తుంది, పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి చుట్టుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ. ఒక పండు కొరికి చూడమనండి పిల్లల్ని, పైన తియ్యగా ఉంటుంది, కాఫీ రుచి ఎక్కడా రాదు, నమ్మరు. అరకు అరబికాకి 2019లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే) గుర్తింపు వచ్చింది, కొనేటప్పుడు రోడ్డు పక్క పేరులేని పొడి ప్యాకెట్లు కాకుండా గింజలు కొనుక్కోండి, చికోరీ ఎంత కలిపారో అన్న అనుమానం ఉండదు.

ధింసా మాడగడ దగ్గర చూడొచ్చు, మీ పిల్లల్ని కూడా వరసలో నిలబెట్టి చెయ్యి వెనక్కి పట్టుకుని ఆడిస్తారు, అక్కడ ఫోటోలకి ఇబ్బంది లేదు, డబ్బు ముందే మాట్లాడుకుంటే గొడవ ఉండదు. ఊళ్ళల్లోనూ సంతల్లోనూ మాత్రం అడక్కుండా ఆడవాళ్ళ మొహాల మీద కెమెరా పెట్టొద్దు. వాళ్ళు సరుకు అమ్ముకోవడానికి వచ్చారు, మనకి కనపడ్డానికి కాదు. మీ వీధిలో మీరు కూరగాయలు కొంటుంటే ఎవరో వచ్చి అలా తీస్తే మీరేం చేస్తారో అదే వాళ్ళూ చేస్తారు.

ప్ర: ఒక్కదాన్నే వెళ్ళి స్కూటీ తీస్కుని తిరగొచ్చా? – డి., విజయవాడ

జ: పగలు నిక్షేపంగా. అరకులో స్కూటీలు అద్దెకి ఇస్తారు, తీసుకునేముందు బ్రేకులు, టైర్లు చూస్కుని బండి చుట్టూ వీడియో తీసి పెట్టుకోండి. పద్మాపురం, మాడగడ, చాపరాయి, అన్నీ స్కూటీకి సరిపోయే దూరాలే. అనంతగిరి ఘాట్ మాత్రం దాంతో దిగొద్దు, లారీలు ఎక్కువ. చీకటిపడేలోపు రూమ్‌కి వచ్చేయండి, మనుషుల భయం కాదు, మంచు దిగితే రోడ్డు మీద పడుకున్న గేదెలు కనపడవు. పెట్రోలు అరకులోనే కొట్టించుకోండి, చేతిలో కొంచెం క్యాష్ ఉంచుకోండి, ఫోన్ పే అన్నిచోట్లా పలకదు.

ప్ర: పోయినేడాది వెళ్ళాం, చాలా నచ్చింది. అరకులో ఒక పావు ఎకరం కొని చిన్న కాటేజ్ కట్టుకుందామని మావారు. మంచి ఏజెంట్ ఉంటే చెప్పగలరా? – వి., రాజమండ్రి

జ: అది షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనుల కోసం ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం అండీ. 1/70 చట్టం ప్రకారం అక్కడ భూమి గిరిజనేతరులకి బదిలీ కాదు, అమ్మేది ఎవరైనా సరే. ఎవరైనా అగ్రిమెంటు రాయిస్తా, లీజు అంటా, బినామీ పెడతా అంటే ఆ నంబరు బ్లాక్ చేయండి. రెండు రోజులు రూమ్ తీస్కోండి, తక్కువలో పోతుంది.