వేపింగ్ తర్వాత వికారం, ఛాతీలో మంట: ముందు సీసా మీది అంకె చూడండి

వేపింగ్ (ఈ-సిగరెట్ ఆవిరి పీల్చడం) కోసం కొత్త పరికరానికి మారాక ఉదయం వికారం, రాత్రి ఛాతీలో మంట వస్తుంటే, మొదట అనుమానించాల్సింది నికోటిన్ మోతాదునే. అది అన్నవాహిక అడుగున ఉండే కండర కవాటాన్ని వదులు చేస్తుంది. కడుపులోని ఆమ్లం పైకి తన్నుకొస్తుంది. మోతాదు మించితే వికారమూ దానివల్లే.

1. పరికరంలో పోసే ద్రవం సీసా మీద రాసిన నికోటిన్ గాఢత చదవండి. చాలామంది వదిలేసేది ఇదే. ఎన్నిసార్లు పీల్చారో లెక్కపెడతారు గానీ, ఒక్కోసారి ఎంత లోపలికి వెళ్తోందో చూడరు. 5 శాతం అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది. నిజానికి మిల్లీలీటరుకు దాదాపు 50 మిల్లీగ్రాములు. పైగా నికోటిన్ సాల్ట్ రకం (నికోటిన్‌కు ఆమ్లం కలిపి చేసే ద్రవం) గొంతులో అంతగా గరగర పుట్టించదు, అందుకే ఎక్కువైన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. తక్కువ గాఢతకు దిగండి. దిగాక ఎక్కువసార్లు పీలిస్తే మాత్రం ఫలితం ఉండదు.

2. పరగడుపున అసలు వద్దు.

3. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే భోజనం, వేపింగ్ రెండూ ముగించండి.

4. ఉబ్బరం, త్రేన్పులు కూడా ఉంటే ఆవిరితో పాటు గాలి మింగుతున్నారేమో గమనించండి.

పూర్తిగా మానగలిగితే అన్నిటికన్నా మేలు, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. మానిన తొలి వారాల్లో మలబద్ధకం రావచ్చు. దానికి భయపడి మళ్లీ మొదలుపెట్టకండి.

మలం నల్లగా రావడం, వాంతిలో రక్తం, మింగడం కష్టం కావడం, చేతికో దవడకో పాకే ఛాతీనొప్పి ఉంటే ఇవేవీ ప్రయత్నించకుండా వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్లండి.