పాత సామానులో నాకు బాగా గుర్తున్నది త్రీ పిన్ టాపు

చిన్నప్పటి కార్లు, టీవీలు, ఇంట్లో సామాను, వీటిలో ఇప్పటికీ దేన్ని మర్చిపోలేకపోతున్నారని అడిగారు. చాలామంది అంబాసిడర్ అనో డయనోరా టీవీ అనో చెబుతారు. నేను మాత్రం నల్లటి బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) త్రీ పిన్ టాపు అంటాను, అంటే సాకెట్లో పెట్టే మూడు పిన్నుల ప్లగ్గు.

మా నాన్నగారు షిప్‌యార్డులో ఎలక్ట్రీషియన్. మేం వైజాగ్‌లో, పెదవాల్తేరులో ఉండేవాళ్ళం. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టేవి, రాగి తీగలు చిలుమెక్కి పచ్చబడేవి. వానలు తగ్గాక ఏదో ఒక ఆదివారం ఆయన ఇంట్లో ప్లగ్గులన్నీ ముందేసుకుని కూర్చునేవారు. స్క్రూ విప్పి, చిలుము పట్టిన కొస కత్తిరించి, తీగ కొత్తగా ఒలిచి మళ్ళీ బిగించేవారు. "వదులుగా ఉంటే వేడెక్కుతుందిరా, వేడెక్కితే కాలిపోతుంది" అనేవారు. ఇత్తడి పిన్ను సాకెట్లో ఆడుతుంటే దాని మధ్య చీలికలో స్క్రూడ్రైవర్ కొస పెట్టి కొంచెం విడదీసేవారు. ఆ చీలిక ఉన్నదే పిన్ను స్ప్రింగులా బిగుతుగా పట్టడానికి. ఎర్త్ పిన్ను మిగతా రెండింటికంటే ఎందుకు పొడుగో కూడా ఆయనే చెప్పారు. ప్లగ్గు పెట్టేటప్పుడు అది ముందు తగులుతుంది, లాగేటప్పుడు చివర్న వదులుతుంది. అంటే కరెంటు చేరేలోపే ఇస్త్రీపెట్టె రేకు ఎర్త్‌కి, అంటే నేలలోకి పోయే తీగకి, కలిసిపోయి ఉంటుంది. రేకులోకి కరెంటు లీకైనా మనిషికి షాక్ కొట్టకుండా నేలలోకి పోతుంది. అంత చిన్న వస్తువులో మనిషి ప్రాణం గురించి అంత ఆలోచించారంటే నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. అసలు ఇది బ్రిటిష్ వాళ్ళ డిజైనే. వాళ్ళు 1947లో చదరపు పిన్నుల ప్లగ్గు తెచ్చుకుని దీన్ని వదిలేశారు, మనం ఉంచుకున్నాం.

మా ఇంట్లో 15 ఆంపియర్ల పవర్ పాయింటు ఒక్కటే ఉండేది. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 5 ఆంపియర్ల పాయింటు దానికి చాలదు. అందుకే పెద్ద ప్లగ్గుకి పిన్నులు కూడా లావు, చిన్న సాకెట్లో దూరనే దూరదు.

కారు మా పెదనాన్నగారిది, అంబాసిడరే. 1489 సీసీ పెట్రోలు ఇంజను. అరకు వెళ్ళాలంటే ముందురోజు సాయంత్రం బానెట్ ఎత్తి, ఇంజనులో పెట్రోలుకి నిప్పురవ్వ అంటించే స్పార్క్ ప్లగ్గులు ఊడదీసేవారు. అన్నీ బెంగళూరు మైకో కంపెనీవి. మసిని ఎమిరీ కాగితంతో రుద్ది, రవ్వ దూకే గ్యాప్ సుమారు 0.6 మిల్లీమీటర్లు ఉందో లేదో ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకుతో) చూసి బిగించేవారు. అనంతగిరి ఘాట్‌లో రేడియేటర్ మరిగితే ఆగి, చల్లారాక నీళ్ళు పోసుకుని మళ్ళీ బయల్దేరేవాళ్ళం. ఆ ఇంజనులో ఏ పార్టు ఎక్కడుందో పదేళ్ళ పిల్లాడికి కూడా కనబడేది. ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయిందని విన్నప్పుడు నిజంగా బాధేసింది.

ఇప్పటి సామానుకి ప్లగ్గు, తీగ కలిపి పోతపోసి ఇస్తున్నారు. పిల్లలున్న ఇంట్లో అది మంచిదే, కాదనను. కానీ మన వైజాగ్ గాలికి లోపల చిలుము పడితే తెలిసే దారి లేదు. తెరిచి చూసుకునే వీలున్నదే మేలని నా అభిప్రాయం.

మీ అటక మీద పాత రేడియోనో ఇస్త్రీపెట్టెనో ఉంటే దించగానే సాకెట్లో పెట్టకండి. నూలు అల్లిన తీగల్లో రబ్బరు ఈపాటికి పెళుసెక్కి రాలిపోతుంటుంది. ముందు తీగ మార్పించండి. విప్పి బిగించుకునే టాపులు ఎలక్ట్రికల్ షాపుల్లో ఇప్పటికీ దొరుకుతాయి, ఇత్తడి పిన్నులు గట్టిగా ఉన్నది చూసి తీసుకోండి. పాత తీగల్లో ఎరుపు ఫేజు (కరెంటు వచ్చే తీగ), నలుపు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ), ఆకుపచ్చ ఎర్త్. కొత్తవాటిలో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, పసుపు చారల ఆకుపచ్చ ఎర్త్. ఎర్త్ తీగ తప్పనిసరిగా ఆ పొడుగు పిన్నుకే బిగించాలి.