కామన్వెల్త్ గేమ్స్ స్టేడియంలో కూర్చుని చూస్తే ఎలా ఉంటుంది? బెంగళూరు నుంచి అంత దూరం వెళ్లొచ్చా?

2030 కామన్వెల్త్ గేమ్స్ అహ్మదాబాద్‌కి వచ్చాయి కదా, బెంగళూరు నుంచి ఇంత ఖర్చు పెట్టుకుని వెళ్తే రోజంతా ఏం చూస్తాం, టీవీలోనే ఇంకా బాగా కనిపిస్తుంది కదా అని అడిగారు. వెళ్లండి అనే చెప్తాను. 2010లో ఢిల్లీ గేమ్స్‌కి నేను ఇక్కడి నుంచే వెళ్లాను, అప్పట్లో మారతహళ్లిలో అందరూ తెలుగోళ్లే ఉండే పీజీలో ఉండేవాణ్ణి, రూమ్మేట్‌ది పాలకొల్లు, దసరాకి ఊరెళ్దామని దాచుకున్న లీవులు తీసేసి ఇద్దరం కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాం.

మేం చూసింది అక్టోబర్ 12 సాయంత్రం, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో అథ్లెటిక్స్. ట్రాక్ మీద అదే ఆఖరి రోజు, అంటే రిలేల రోజు. గేమ్స్ మొదలైన రోజే తెరిచిన కొత్త మెట్రో లైన్లో దిగి, చెకింగ్ లైన్లో చాలాసేపు నిలబడి లోపలికెళ్లాం, ఆ ఎండలో నిలబడ్డం ఒక్కటే కష్టం అనిపించింది, ఇంక మిగతాదంతా బాగుంది.

టీవీకీ స్టేడియానికీ అసలు తేడా ఏంటంటే, టీవీ వాళ్లు ఏది చూపిస్తే అదే మనం చూడాలి, అక్కడ మాత్రం ఒకేసారి మూడు నాలుగు నడుస్తుంటాయి, ఏది చూడాలో మనిష్టం. ఆ రోజు జావెలిన్‌లో కర్ణాటక కుర్రాడు కాశీనాథ్ నాయక్ 74.29 మీటర్లు విసిరి బ్రాంజ్ కొట్టాడు, ట్రిపుల్ జంప్‌లో రంజిత్ మహేశ్వరి 17.07 మీటర్లు దూకి ఇంకో బ్రాంజ్. జావెలిన్ గాల్లో ఉన్నంతసేపూ ఫ్లడ్ లైట్లలో పెద్దగా కనపడదు, నేలలో గుచ్చుకున్నాకే తెలుస్తుంది, జనం అరుపు కూడా అప్పుడే వస్తుంది.

మాకు దొరికిన సీట్లు మలుపు దగ్గర. ఫినిష్ లైన్ దగ్గర టికెట్లు రేటెక్కువ. కానీ 4x100 రిలే, అంటే నలుగురు తలా వంద మీటర్లు పరిగెత్తి బ్యాటన్ అనే చిన్న కర్రని ఒకరి నుంచి ఒకరు అందుకునే రేసు, చూడాలంటే మలుపే కరెక్టు ప్లేసు అని నా అభిప్రాయం, ఎందుకంటే అది గెలిచేదీ ఓడేదీ బ్యాటన్ మారే చోటే. 4x100లో బ్యాటన్ అందుకునేవాళ్లు ముందే వచ్చి అడుగులతో కొలుచుకుని ట్రాక్ మీద చిన్న టేపు ముక్క అతికిస్తారు, వెనక నుంచి వచ్చేవాళ్లు ఆ టేపు దాటగానే వీళ్లు వెనక్కి చూడకుండా పరుగు మొదలుపెట్టి చెయ్యి వెనక్కి పెడతారు, గీసిన జోన్ లోపలే బ్యాటన్ చేతులు మారకపోతే టీమ్ మొత్తం అవుట్. ఒకమ్మాయి ఆ టేపుని వంగి రెండోసారి తీసి ఒక అంగుళం ముందుకి జరిపి మళ్లీ అతికించడం మా సీట్ల దగ్గర నుంచి స్పష్టంగా కనిపించింది. టీవీలో ఆ టైమ్‌కి యాడ్ వస్తుంటుంది.

ఆడవాళ్ల 4x100లో మన సత్తి గీత ఉంది, పశ్చిమ గోదావరి మార్టేరు అమ్మాయి. మా రూమ్మేట్‌కి పక్కూరే కాబట్టి రేసు మొదలవ్వక ముందు నుంచే నిలబడిపోయి "గీతమ్మా, లాగు లాగు" అని తెలుగులో ఒకటే అరుపు, ముందు వరసలోని పంజాబీ కుటుంబం వెనక్కి తిరిగి చూసి ఏమీ అర్థం కాకపోయినా వాళ్లు కూడా "లాగు లాగు" అని మొదలెట్టారు. బ్రాంజ్ వచ్చింది. మగవాళ్ల 4x100లో కూడా బ్రాంజే, హైదరాబాద్ కుర్రాడు అబ్దుల్ నజీబ్ ఖురేషీ ఉన్న టీమ్, 38.89 సెకన్లు, అప్పటికి అది నేషనల్ రికార్డు.

ఇంక ఆడవాళ్ల 4x400. మంజీత్ కౌర్, సినీ జోస్, అశ్విని అక్కుంజి, మన్‌దీప్ కౌర్. మూడో అమ్మాయిగా పరిగెత్తిన అశ్విని నైజీరియా అమ్మాయిని దాటేసరికి స్టేడియంలో కూర్చున్నవాడు ఒక్కడు లేడు, పక్కవాడితో మాట్లాడితే పెదాలు కదలడం కనిపిస్తోంది గానీ మాట వినపడట్లేదు. 3 నిమిషాల 27.77 సెకన్లకి గోల్డ్. 1958లో మిల్ఖా సింగ్ తర్వాత కామన్వెల్త్ అథ్లెటిక్స్‌లో మనకి గోల్డే లేదు, ముందు రోజే డిస్కస్‌లో కృష్ణా పూనియా తెచ్చింది, మర్నాడే ఇది.

ఒక విషయం మాత్రం చెప్పాలి. 2011లో ఆ నలుగురిలో ముగ్గురు డోప్ టెస్టులో దొరికి సస్పెండ్ అయ్యారు. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా బాధేసింది, ఇప్పటికీ ఆ రేసు వీడియో చూస్తే సంతోషంతో పాటు ఆ బాధ కూడా ఉంటుంది. 2010 మెడల్ వెనక్కి తీసుకోలేదు. స్టేడియానికి వెళ్లి అంత గొంతు చించుకున్నవాళ్లకి ఇలాంటివి ఇంకా గట్టిగా తగులుతాయి, అది కూడా తెలిసే వెళ్లాలి.

అహ్మదాబాద్ దాకా ఆగక్కర్లేదు కూడా. కంఠీరవ స్టేడియం మన ఊళ్లోనే ఉంది, 2025 జులై 5న నీరజ్ చోప్రా క్లాసిక్ అనే జావెలిన్ పోటీ అక్కడే జరిగింది, మా అమ్మాయిని తీసుకెళ్లాను. నీరజ్ మొదటి త్రో ఫౌల్, మూడో త్రో 86.18, దాంతోనే గెలిచాడు, కెన్యా యెగో 84.51తో రెండు, శ్రీలంక రుమేష్ పతిరగె 84.34తో మూడు. ఢిల్లీలో 74 మీటర్లకి మెడల్ వచ్చిన రోజు చూసిన నాకు, మనవాడు 86 విసిరితే "ఇంకా విసరగలడు" అని జనం అనుకోవడం చూస్తే చాలా గర్వంగా అనిపించింది. కంఠీరవలో స్టేట్ మీట్లు, నేషనల్ మీట్లు కూడా జరుగుతుంటాయి, అవి ఒకటి రెండు చూస్తే ఏది ఎక్కడ జరుగుతుందో, ఎటు కూర్చోవాలో కన్ను అలవాటవుతుంది.

టికెట్లు అమ్మకానికొచ్చినప్పుడు ఓపెనింగ్ సెర్మనీ కోసం డబ్బులన్నీ పెట్టెయ్యకండి, దాన్ని మాత్రం టీవీలోనే బాగా చూపిస్తారు. అథ్లెటిక్స్‌లో రిలే ఫైనల్స్ ఏ సాయంత్రమో షెడ్యూల్‌లో చూసి, మలుపు దగ్గర సీటు తీసుకోండి. ముందు రోజు రాత్రి స్టార్ట్ లిస్ట్, అంటే ఏ పోటీలో ఎవరెవరు దిగుతున్నారో ఉండే లిస్టు, ఒకసారి చదువుకోండి, పేర్లు తెలిస్తేనే పేరు పెట్టి అరవగలం. తిరుగు ట్రైన్ గానీ ఫ్లైట్ గానీ మర్నాటికి పెట్టుకోండి, రిలేలూ మెడల్ సెర్మనీలూ అయ్యేసరికి బాగా రాత్రవుతుంది, మధ్యలో లేచి రావాలనిపించదు.